గురి తుపాకిలో లేదు

కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనం నాడు హస్తినాపుర రంగంలో జరిగిన ఘట్టం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. అర్జునుడు చూపిన విద్యలన్నీ తానూ చూపి, ద్వంద్వయుద్ధానికి సిద్ధపడి నిలిచిన కర్ణుణ్ణి కృపాచార్యుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: నీ తల్లిదండ్రు లెవరు? నీ వంశమేది? విల్లు ఎలా పట్టాడు, బాణం ఎక్కడ తగిలింది అన్న విచారణ ఆ క్షణంతో ముగిసిపోయింది. తల వంచుకున్న కర్ణునికి దుర్యోధనుడు అంగరాజ్యం కట్టబెట్టాడు. ఆనాటి ఆ అవమానానికీ, దానినుంచి పుట్టిన ఆ స్నేహానికీ భారతవంశం ఎంత మూల్యం చెల్లించిందో అందరికీ విదితమే.

విల్లమ్ముల కాలం గడచిపోయింది. లక్ష్యాన్ని గురిచూసి కొట్టడం ఇప్పుడు ప్రపంచమంతటా ఒక వినోదక్రీడ. కాగితంమీద గీసిన వలయాలకు గురిపెట్టి రైఫిలుతోనో పిస్తోలుతోనో కాల్చే ఈ ఆటలో ఏ ప్రాణీ చావదు. పన్నెండేళ్ళ బాలికా, అరవైయేళ్ళ తాతా పక్కపక్కన నిలబడి సమానంగా పోటీపడగల ఆటలు లోకంలో ఎన్నో లేవు. ఇది వాటిలో ఒకటి. అయినా కృపాచార్యుని ప్రశ్న ఈ రంగంలో ఇంకా బ్రతికే ఉన్నది. కొత్తగా వచ్చినవాడు ఒక మూల నిలబడి, ఎరువు తెచ్చుకున్న తుపాకిని సర్దుకుంటూ ఉంటాడు. పక్కనున్న పెద్దమనిషి అతని నిలకడను చూడడు, ఊపిరిని గమనించడు. “అది ఏ కంపెనీది? ఎంత పెట్టి కొన్నారు?” అని అడుగుతాడు. జవాబు విని చిన్న నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వుతో ఇంటికి వెళ్ళి మరి తిరిగిరానివారు ఎందరో! సంఘాల పుస్తకాలలో చేరినవారి పేర్లుంటాయి గాని, గుమ్మంలోనుంచే మరలిపోయినవారి పేర్లు ఉండవు. అందువల్ల ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

అర మిల్లీమీటరు చుక్క

ఈ ఆటలో మనిషి పాలెంత, పరికరం పాలెంత అని తూచడానికి ముందు ఆట స్వరూపం కొంత తెలియాలి. ఒలింపిక్ క్రీడలలో గాలితుపాకి పోటీలు 10 మీటర్ల దూరంనుంచి జరుగుతాయి. రైఫిలు పోటీలో ‘పది’ అంకెకు చెందిన చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. దానిని కొట్టే సీసపు గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. అంటే గుండు చుక్కకు తొమ్మిది రెట్లు వెడల్పు. కాల్చేవారి కంటికి ఆ చుక్క ఆనదు. నల్లని వలయం నట్టనడుమ అది ఉన్నదని నమ్మి కాల్చాలి. అలా గంటా పదిహేను నిమిషాలలో 60 గుండ్లు. పిస్తోలు పోటీలో ‘పది’ వలయం 11.5 మిల్లీమీటర్లదాకా ఉంటుంది గాని, అక్కడ ఒక్క చేతితోనే ఆయుధాన్ని చాచి పట్టుకోవాలి.

ఇంత సూక్ష్మమైన పనికి ఆటంకమంతా మనిషి దేహంలోనే ఉన్నది. ఊపిరి తీస్తే గొట్టం కొస లేస్తుంది, విడిస్తే వాలుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది కదులుతుంది. చూపుడువేలు మీటను మెల్లగా వెనుకకు తీసుకోక గుంజితే, అప్పటివరకు చేసిన తపస్సంతా ఆ క్షణంలో వ్యర్థం. పేలుతుందన్న ఆలోచనకే కొత్తవారి కనురెప్ప వాలుతుంది, భుజం బిగుసుకుంటుంది. ఈ అలవాట్లను ఒక్కొక్కటిగా పోగొట్టుకోవడమే ఈ విద్యలో సాధన. గొట్టం ఎటు చూస్తే గుండును అటు పంపడం తుపాకి పని. ఆ గొట్టం ఎటు చూడాలో నిర్ణయించేది మనిషి.

సామాన్యమైన గాలితుపాకి ఒకటి ఉన్నదనుకొందాం. దానిని కదలకుండా బిగించి 10 మీటర్ల దూరంనుంచి కాల్చితే గుండ్లన్నీ రూపాయి బిళ్ళంత చోటులో పడతాయి. అదే తుపాకిని కొత్తవాని చేతికిస్తే ఆ గుండ్లు అరచేతి వెడల్పున చెదిరిపోతాయి. ఇప్పుడు లక్షల రూపాయలు పోసి మేలుజాతి తుపాకి కొనిపెట్టామనుకొందాం. బిళ్ళంత చోటు చుక్కంత అవుతుంది. అరచేయి మాత్రం అరచేయిగానే ఉంటుంది. చెదిరినది చేతివల్ల గదా! ఆడలేక మద్దెల ఓడన్న సామెత అందరికీ తెలిసిందే. మద్దెల ఖరీదు చెప్పి ఆటను కొలిచేవారి కోసం కూడా పెద్దలు ఒక సామెత చెప్పి ఉంటే బాగుండేది.

పట్టుత్రాడు లాగిన రాణి

ఇంగ్లండులో జాతీయ రైఫిలు సంఘం 1859లో ఏర్పడింది. మరుసటి సంవత్సరం జూలై 2వ తేదీన వింబుల్డన్ మైదానంలో ఆ సంఘం మొదటి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. జోసెఫ్ విట్‌వర్త్ అనే ప్రఖ్యాత యంత్రనిపుణుడు తన రైఫిలును ఇనుప చట్రంలో బిగించి, 400 గజాల దూరంలోని లక్ష్యానికి ముందుగానే సరిచూసి ఉంచాడు. మీటకు పట్టుత్రాడు కట్టారు. రాణి ఆ త్రాడు లాగింది. గుండు లక్ష్యకేంద్రానికి ఒకటింబాతిక అంగుళం దూరంలో తగిలింది. నాలుగువందల గజాలకు అది మహాద్భుతమైన గురి.

అయితే ఆ గురి ఎవరిది? రాణిని గొప్ప గురికత్తె అని ఆనాడెవరూ అనలేదు. ఆమె కూడా అనుకొని ఉండదు. పరికరం సంపూర్ణంగా ఉండి, మనిషి ప్రమేయం ఏమీ లేనప్పుడు ఏమవుతుందో ఆ ఒక్క పేలుడు లోకానికి చూపింది. అప్పుడు మిగిలేది ఒక పట్టుత్రాడు మాత్రమే. తుపాకి ఖరీదుతో గురికానిని కొలిచేవారు తెలిసో తెలియకో ఆటను ఆ త్రాడుదగ్గరికే తీసుకుపోతున్నారు.

ఆ దేశంలోనే నలభై ఏళ్ళ తరువాత దీనికి పూర్తిగా భిన్నమైన ప్రయత్నం ఒకటి మొదలైంది. అప్పటికి వింబుల్డన్ పోటీలు 1890లో బిస్లీకి తరలిపోయాయి. అక్కడ వందలాది గజాల దూరాలకు పెద్ద రైఫిళ్ళతో కాల్చడం మామూలు పట్టణాలలోని కూలివాడికీ, గుమాస్తాకూ అందేది కాదు. తుపాకి, తూటాలు, రైలు చార్జీలు, పని మానుకోవడంవల్ల పోయే కూలి, ఇవన్నీ అతని గుమ్మంముందే గోడ కట్టాయి. 1899లో మొదలైన బోయరు యుద్ధంలో బ్రిటిషు సేనలకు ఎదురైన కష్టాలు చూసి, సామాన్యులకు గురి నేర్పాలన్న ఆలోచన అక్కడివారికి కలిగింది. ఆ ఆలోచన పుట్టుక సైనికావసరంనుంచే అని ఒప్పుకోవాలి. కాని దాని ఫలితం వేరుగా పరిణమించింది. 1901లో శ్రామికుల రైఫిలు సంఘాల కోసం ఒక సమాజం వెలసింది. కొద్దికాలానికే అది చిన్న రైఫిలు సంఘాల సమాజంగా మారింది. మన కాన్పూరులోనే 1832లో జన్మించిన సేనాని లార్డ్ రాబర్ట్స్ ఆ ఉద్యమానికి అండగా నిలిచాడు.

ఆ ఉద్యమం చేసిన పని చాలా సులువైనది. పెద్ద తూటా స్థానే 0.22 అంగుళాల చిన్న తూటాను తీసుకున్నది. వందల గజాలను పాతిక గజాలకు కుదించి, దూరం తగ్గినంత మేరకు వలయాలను కూడా చిన్నవి చేసింది. దానితో మైదానాలు లేకుండానే హాళ్ళలో, నేలమాళిగలలో, కార్ఖానాల ఆవరణలలో సాయంకాలాలు ఆట సాగింది. తుపాకి సంఘానిది, సభ్యుడు తూటాల ఖర్చు పెట్టుకుంటే చాలు. ఆనాడు కొందరు పెద్దలు ఈ ‘చిన్న తుపాకి’ని పిల్లల ఆటగా తీసిపారేశారు. తరువాత ఏమైనది? ఆ చిన్న తూటాయే ఒలింపిక్ క్రీడలలో రైఫిలు, పిస్తోలు పోటీలకు ముఖ్యమైన తూటాగా నిలిచింది. తలుపు వెడల్పు చేసినందువల్ల ఆట స్థాయి దిగిపోతుందన్న భయం వట్టిదని దీనివల్ల తేలుతున్నది.

పరికరం అక్కరలేదా?

ఇంత చెప్పినంత మాత్రాన పరికరానికి విలువే లేదనడం సత్యదూరం. పోటీలో పైమెట్టుకు చేరినవారిమధ్య తేడా వెంట్రుకవాసి. అక్కడ పిడి చేతికి అమరడం, మీట బరువు ఒక్కలాగే ఉండటం, తుపాకి కాల్చిన ప్రతిసారీ ఒకే విధంగా ప్రవర్తించడం లెక్కలోకి వస్తాయి. 2008లో బీజింగులో 10 మీటర్ల గాలిరైఫిలు పోటీలో స్వర్ణపతకం గెలిచి, భారతదేశానికి వ్యక్తిగత విభాగంలో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణాన్ని తెచ్చిన అభినవ్ బింద్రా సంపన్న కుటుంబంలో పుట్టినవాడు. ఇంటివద్దనే కాల్పుల శాల ఉన్నవాడు. దానిని దాచవలసిన పని లేదు. ఆ శాలలో ఏళ్ళతరబడి నిలబడినది ఆయన కాళ్ళే అన్నదీ అంతే సత్యం.

పరికరం కొంత సాయం చేస్తుంది గనుకనే అంతర్జాతీయ నియమాలు దానికి కళ్ళెం వేశాయి. గాలిరైఫిలు బరువు ఐదున్నర కిలోలు మించరాదు. గాలిపిస్తోలు ఒకటిన్నర కిలోలు మించరాదు. దాని మీట కనీసం 500 గ్రాముల బరువును మోయగలగాలి. రైఫిలు కాల్చేవారు తొడిగే మందపాటి కోటు ఎంత దళసరిగా ఉండవచ్చునో, ఎంత బిరుసుగా ఉండవచ్చునో కొలిచే సాధనాలున్నాయి. పోటీకి ముందు ఆ కోటును, బూట్లను పరీక్షించి ముద్ర వేస్తారు. ఈ నియమాల అర్థమేమి? ధనం ఒక హద్దు దాటి గురిని కొనరాదు అని క్రీడారంగం తనకు తానే కట్టుకున్న కట్టుబాటు ఇది. ఆ కట్టుబాటును అంతర్జాతీయ వేదికమీద పాటిస్తూ, ఊరి సంఘంలో మాత్రం తుపాకి వెల చూసి మనిషికి పీట వేయడం విడ్డూరం కాదా?

ఒకే రైఫిలు, రెండు పతకాలు

1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల దూరానికి పడుకొని కాల్చే రైఫిలు పోటీ జరిగింది. కెనడా తరఫున ఇద్దరు వచ్చారు: గిల్మర్ బోవా, జెరాల్డ్ వెలెట్. ఇద్దరూ కలిసి బోవా రైఫిలు ఒక్కదానితోనే ఆ పోటీలో కాల్చారు. బోవాకు 600కు 598 పాయింట్లు వచ్చాయి. సోవియట్ రష్యాకు చెందిన వాసిలీ బొరిసోవ్‌కు 599. వెలెట్‌కు 600కు 600! ఒక్క గుండూ తప్పలేదు. తరువాత కొలిచి చూస్తే ఆ మైదానంలో దూరం ఒకటిన్నర మీటరు మేర తక్కువగా ఉన్నట్లు తేలి, ప్రపంచ రికార్డుగా దానిని నమోదు చేయలేదు. అందరికీ అదే దూరం గనుక పతకాలు మాత్రం నిలిచాయి.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. తుపాకి ఒక్కటే, తూటా పోయే గొట్టం ఒక్కటే. అయినా ఒకరికి స్వర్ణం, ఒకరికి కాంస్యం. ఆ రెండు పాయింట్ల తేడా ఇనుములో లేదు. రెండవ పాఠం దీనికన్న గొప్పది. వెలెట్ ఆ రోజు కాల్చకపోయి ఉంటే బోవాకు రజతం దక్కేది. తన ఆయుధాన్ని పక్కవాని చేతికిచ్చి, తాను ఒక మెట్టు క్రిందికి దిగిన మనిషి అతడు. ఈ విద్యలో ‘గొప్ప పరికరం’ అనే మాటకు ఇంతకుమించిన సార్థకత మరెక్కడ కనబడుతుంది?

ఎడమచేతి విజయం

తుపాకి వెల ఒక్కటే కాదు, మనుషులను వడపోసే జల్లెడలు ఇంకా ఉన్నవి. హంగరీ సైన్యంలో కారోయ్ తకాచ్ అనే సార్జెంటు ఉండేవాడు. ఆ దేశంలోని మేటి పిస్తోలు గురికాండ్రలో ఒకడు. 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలకు అతణ్ణి పంపలేదు. కారణం, ఆనాడు ఆ అవకాశం అధికారుల హోదా గలవారికి మాత్రమే! తరువాత ఆ నిబంధన తొలగింది. ఇక దారి సుగమమైందనుకునే వేళ, 1938లో శిక్షణ సమయంలో చేతిబాంబు పేలి అతని కుడిచేయి నుగ్గయింది. కాల్చే చేయి అదే.

ఆసుపత్రినుంచి బయటికి వచ్చిన తకాచ్ ఎవరికీ చెప్పకుండా ఎడమచేతితో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. 1939లో జాతీయ పోటీల మైదానంలో అతడు కనబడితే, పాపం, చూడటానికి వచ్చాడనుకున్నారు తోటివారు. అతడు పోటీ చేసి గెలిచాడు. యుద్ధంవల్ల రెండు ఒలింపిక్ క్రీడలు జరగలేదు. 1948లో లండనులో అప్పటి ప్రపంచవిజేత, అర్జెంటీనా దేశస్థుడు, మీరెందుకు వచ్చారని పలకరిస్తే నేర్చుకోవడానికి వచ్చానని తకాచ్ బదులు చెప్పినట్లు క్రీడాలోకంలో చెప్పుకుంటారు. ఆ నేర్చుకోవడానికి వచ్చినవాడే 25 మీటర్ల వేగపు పిస్తోలు పోటీలో స్వర్ణం గెలిచాడు. 1952లో హెల్సింకిలో మళ్ళీ గెలిచాడు. హోదా అడిగిన జల్లెడ 1936లో ఎటువంటివాణ్ణి జారవిడిచిందో హంగరీకి పన్నెండేళ్ళ తరువాత అర్థమయింది. ముప్పయ్యెనిమిదవ ఏట ప్రపంచాన్ని గెలిచిన ఆ ఎడమచేయి, పది సంవత్సరాలకు ముందు, ఏమీ తెలియని కొత్తచేయి!

పారిస్‌లో కనబడినది

2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో తుర్కియే దేశానికి చెందిన యూసుఫ్ దికెచ్ ఛాయాచిత్రం లోకమంతా తిరిగింది. యాభై ఒక్క ఏళ్ళ మనిషి. మామూలు కళ్ళజోడు, మామూలు బనీను, ఒక చేయి జేబులో. కంటిమీద ప్రత్యేకమైన అద్దాలూ, రెండవ కన్నును మూసే తెరలూ లేవు. రెండు కళ్ళూ తెరిచే కాల్చాడు. షెవ్వాల్ ఇలైదా తర్హాన్‌తో కలిసి 10 మీటర్ల గాలిపిస్తోలు మిశ్రమ జట్టు పోటీలో రజతపతకం గెలిచాడు. వీధిలో పోయే పెద్దమనిషి ఎవరో దారితప్పి వచ్చి పతకం పట్టుకుపోయినట్లు జనం మురిసిపోయారు.

ఆ మురిపెంలో కొంత పొరపాటు కూడా ఉన్నది. చేయి జేబులో పెట్టుకోవడం పిస్తోలు కాల్చేవారందరూ చేసేదే. శరీరం ఊగకుండా అది నిలుపుతుంది. దికెచ్ చేతిలోనిది పోటీలకోసం చేసిన నాణ్యమైన పిస్తోలే. 2008నుంచి వరుసగా ఐదు ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్న అనుభవం ఆయనది. అదే పారిస్‌లో దక్షిణ కొరియాకు చెందిన కిమ్ యేజి ప్రత్యేకమైన అద్దాల అమరిక ధరించి స్త్రీల గాలిపిస్తోలు పోటీలో రజతమే గెలుచుకున్నది. అద్దాలున్న కంటికీ, లేని కంటికీ దక్కినది ఒకే లోహం. కనుక పరికరాలు లేనివాణ్ణి చూసి నవ్వడం ఎంత తప్పో, ఉన్నవాణ్ణి చూసి ఆడంబరమని ఎగతాళి చేయడమూ అంతే తప్పు. తనకు అవసరమైనదేదో ఎవరికి వారు సాధనలో తెలుసుకుంటారు. ఆ తెలుసుకునే దాకా వారిని సాధన చేయనివ్వాలి.

కోటలనుంచి పల్లెలకు

మన దేశంలో తుపాకి గురి చాలాకాలం రాజుల కోటలలోనే ఉండిపోయింది. లండనులోని పేరుమోసిన తయారీదార్లకు మన సంస్థానాధీశులు గొప్ప ఖాతాదారులు. బికనీరు మహారాజు కర్ణీసింగ్ 1960 మొదలు 1980 వరకు ఐదు ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్నాడు. 1962లో కైరోలో జరిగిన ప్రపంచ పోటీలలో, గాలిలోకి ఎగిరే మట్టి బిళ్ళలను కొట్టే పోటీలో రజతం గెలిచాడు. ఆయన సామర్థ్యం శంకించరానిది. కాని ఆనాడు అటువంటి పోటీలోకి ఒక రైతుబిడ్డ అడుగుపెట్టాలంటే ముందు తుపాకి కావాలి, తరువాత లైసెన్సు కావాలి, ఆ తరువాత తూటాలు కావాలి. 1951లో జాతీయ రైఫిలు సంఘం ఏర్పడి, లోకసభ తొలి స్పీకరు మవులంకర్ దానికి అధ్యక్షుడు కావడంతో ఈ విద్యను ప్రజలలోకి తేవాలన్న సంకల్పమైతే ప్రకటితమైంది.

ఆ సంకల్పానికి కాళ్ళు వచ్చినది గాలితుపాకివల్ల. దీనికి మందు అక్కరలేదు, పేలుడు లేదు. 2016నాటి ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల గొట్టం, 20 జౌళ్ళ శక్తి మించని గాలితుపాకికి లైసెన్సు అవసరం లేదు. తెలుగు దేశంలో తిరునాళ్ళకు వెళ్ళినవారెవరైనా బుడగలు కాల్చే అంగడిముందు ఈ తుపాకిని పట్టుకునే ఉంటారు. గొట్టం మడిచి గుండు పెట్టే ఆ నాటు తుపాకి లోపల ఒక గట్టి స్ప్రింగు ఉంటుంది. మీట నొక్కగానే స్ప్రింగు విడివడి, గుండు గొట్టం దాటేలోగానే తుపాకి అదురుతుంది. అందువల్ల దానితో సరిగా కొట్టడం నిజానికి కష్టం. ఖరీదైన పోటీ తుపాకిలో ముందుగానే నింపిన గాలి పనిచేస్తుంది గనుక ఆ అదురు దాదాపు ఉండదు. అదిరే తుపాకిని ఒక్కతీరుగా పట్టుకోవడం నేర్చినవాడికి అదరని తుపాకి చేతికి వచ్చిననాడు పని సులువవుతుంది. నాటు తుపాకితో మొదలుపెట్టినవాణ్ణి హేళన చేసేవారు ఈ సంగతి ఆలోచించరు.

కొత్తవారిని ఆదరించడంవల్ల ఏమవుతుందో తెలియాలంటే ఉత్తర ప్రదేశ్‌లోని బాగ్‌పత్ జిల్లా జోహ్‌డీ గ్రామం కథ వినాలి. 1999లో చంద్రో తోమర్ అనే అరవై దాటిన గృహిణి తన మనుమరాలికి తోడుగా ఊరి రైఫిలు క్లబ్బుకు వెళ్ళింది. బిడ్డ బెరుకుతో ఉంటే ధైర్యం చెప్పడానికి తాను పిస్తోలు తీసుకొని కాల్చింది. గుండు గురికి తగిలింది. అది చూసిన శిక్షకుడు, ముసలమ్మకు ఇదేమి వేడుక అని నవ్వలేదు. నీవు కూడా నేర్చుకోమ్మా అని ప్రోత్సహించాడు. మేలిముసుగు చాటున బ్రతికే ఇల్లాళ్ళున్న పల్లె అది. ఊరు నవ్వింది. ఆమె నీళ్ళు నింపిన కూజా చేతబట్టి, చేయి చాచి నిలుచుని, ఆ బరువుతో చేతికి స్థిరత్వం అలవరచుకున్నదట. ఆ సాధనకు ఏ కంపెనీ ముద్ర అవసరమయింది? తోడికోడలు ప్రకాశీ తోమర్ కూడా ఆమెతో చేరింది. ఇద్దరూ పెద్దల పోటీలలో ఎన్నో పతకాలు గెలిచారు. ప్రకాశీ కుమార్తె సీమా తోమర్ 2010లో ప్రపంచ కప్పు పోటీలలో, మట్టి బిళ్ళల విభాగంలో రజతం తెచ్చింది. 2021 ఏప్రిల్ 30న చంద్రో కరోనా వ్యాధితో కన్నుమూసేనాటికి ఆ ఊరి ఆడపిల్లలకు తుపాకి క్రీడ సహజమైన చదువుగా మారిపోయింది. శిక్షకుడు ఆ మొదటి రోజున ఒక్క నవ్వు నవ్వి ఉంటే ఇదంతా పుట్టకుండానే పోయేది.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో గాలిరైఫిలు పోటీలో కాంస్యపతకం గెలిచాడు. అంతకు ముందే, 2011లో, పుణేలో శిక్షణాలయం నెలకొల్పి కొత్తవారికి దారి చూపే పనిని చేపట్టాడు. ఆ శిక్షణలో ఎదిగిన హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్‌కు పుట్టుకతోనే వినికిడి లేదు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్ క్రీడలలో అతడు గాలిరైఫిలులో స్వర్ణం గెలిచాడు. గుమ్మం తెరిచి ఉన్నప్పుడు ఎవరు లోపలికి వస్తారో ముందుగా ఎవరు చెప్పగలరు?

గుమ్మంవద్ద చేయవలసినది

ఆదరణ అంటే అలసత్వం అని అర్థం చేసుకోరాదు. తుపాకి తుపాకే. గొట్టం ఎప్పుడూ లక్ష్యంవైపే ఉండాలి. కాల్చే క్షణంవరకు వేలు మీటమీద ఉండరాదు. కాల్పులు ఆపమన్న కేక వినబడగానే ఆయుధం ఖాళీచేసి క్రింద పెట్టాలి. ముందుకు ఎవరైనా నడిచేటప్పుడు దానిని తాకనేరాదు. ఈ నియమాలలో మహారాజుకూ, తోటమాలికీ తేడా లేదు. ఇందులో కఠినంగా ఉండే శిక్షకుడు కొత్తవాణ్ణి అవమానించడంలేదు. అతని ప్రాణానికీ పక్కవాని ప్రాణానికీ విలువ ఇస్తున్నాడు. తుపాకి వెల అడిగేవాడు అతని ప్రాణాన్నీ చూడడు, ప్రతిభనూ చూడడు. రెండింటికీ ఉన్న భేదం కొత్తవాడు మొదటి రోజునే పసిగడతాడు.

తక్కినదంతా చిన్న చిన్న పనులు. సంఘానికి సొంతమైన నాలుగు మంచి తుపాకులు, శుభ్రంగా నూనె వేసి, గురి సరిచూసి ఉంచడం. మొదటి నెలలో ఏమీ కొనవద్దని వచ్చినవారికి చెప్పడం. కొనవలసివస్తే ముందు చెవులకూ కళ్ళకూ రక్షణ కొనమనడం. పతకాలు గెలిచినవారు వారానికొక పూట కొత్తవారి పక్కన నిలబడటం. మొదటి రోజు గుండ్లు ఎక్కడ పడ్డాయన్నది కాక, అన్నీ ఒక్కచోటికి దగ్గరపడుతున్నాయా అని చూపించి చెప్పడం. గుండ్లు ఒకచోట గుంపుగా పడితే చాలు. ఆ గుంపును కేంద్రానికి జరపడం మరలు తిప్పినంత సులభం. చెదిరిన మనసును గుంపు చేయడమే కష్టం. దానికి ఎరువు తుపాకి అయినా చాలును గాని, ఎగతాళి లేని నీడ కావాలి.

ఏ విద్య అయినా నేర్చినవారితో వెలుగుతుంది. నేర్చుకోవడానికి వచ్చేవారితో బ్రతుకుతుంది. పాతవారి చేతులు ఒకనాటికి వణుకుతాయి, కళ్ళు మసకబారుతాయి. ఆనాడు గోడకు తగిలించిన ఖరీదైన తుపాకి తనంత తానుగా ఒక్క గుండు కూడా కాల్చదు. దానిని అందుకొనే చేయి ఈరోజు ఏ మూలనో, ఎరువు తెచ్చిన నాటు తుపాకితో, తడబడుతూ నిలబడి ఉన్నది. ఆ చేతికి చోటివ్వడం గురి తెలిసినవారి మొదటి ధర్మం.